బొమ్మ ఉంది, పాట లేదు: 14వ శతాబ్దపు ఇటలీలో మరుగున పడ్డ స్వరకర్తలు

ఇయర్‌ఫోన్స్ దగ్గర్లో ఉంటే పక్కన పెట్టుకోండి, ఎపిసోడ్ అయ్యాక పనికొస్తాయి. మధ్యలో కొన్ని పాటల పేర్లు చెప్తాను. అవన్నీ 600 ఏళ్లు దాటినవే. వెతికితే ఫోన్‌లో దొరుకుతాయి.

ఈసారి మన సబ్జెక్ట్ ఇటలీ, 14వ శతాబ్దం, పాలిఫనీ. "అబ్బో, ఇది మనకెందుకులే" అని స్క్రోల్ చేసేయకండి. ఇందులో చాకుతో గీకి చెరిపేసిన పుస్తకం ఒకటుంది. పెద్ద పుస్తకంలో బొమ్మ వేయించుకుని, కింద ఒక్క పాట కూడా లేకుండా మిగిలిపోయిన మనిషి ఉన్నాడు. పాతాళ దేవుళ్ల మీద కట్టిన పాట వరసని తీసుకెళ్లి చర్చి ప్రార్థనలో వాడుకున్న పోప్‌గారి గుమాస్తా ఉన్నాడు. ఈ ముగ్గురి కథా చెప్తే గానీ నాకు నిద్ర పట్టదు.

ముందు పాలిఫనీ అంటే ఏంటో తేల్చేద్దాం. భజనలో ఇరవై మంది కలిసి పాడినా వరస ఒక్కటే. అందరూ ఒకే దారిలో నడుస్తారు. పాలిఫనీలో అలా ఉండదు. ఇద్దరు పాడుతుంటే ఇద్దరికీ రెండు వేర్వేరు వరసలు. ఎవరిది వాళ్లు విడిగా పాడుకున్నా అదొక పాటలాగే ఉంటుంది. కలిపి పాడితే ఒకటి పైకి పోతుంటే ఇంకొకటి కిందికి దిగుతుంది, ఒకటి ఆగితే ఇంకొకటి పరుగెడుతుంది, మధ్య మధ్యలో రెండూ వచ్చి ఒకే స్వరం మీద నిలబడతాయి. ఆ నిలబడే చోటు కోసమే నేను ఈ పాటలు వింటాను. అప్పటిదాకా గజిబిజిగా ఉన్నదంతా ఒక్క క్షణంలో తేటపడిపోతుంది.

ఈ కాలాన్ని ఇటలీవాళ్లు ట్రెచెంతో అంటారు. ట్రెచెంతో అంటే మూడు వందలు. 1300లలో ముందున్న వెయ్యిని వదిలేసి పిలుస్తారన్నమాట, మనం డెబ్బైల నాటి సినిమా అన్నట్టు.

వాళ్ల పాటల్లో ఒక రకం పేరు కాచ్చా. అర్థం వేట. ఎలా పాడతారో చూడండి. మొదటి గాయకుడు మొదలుపెడతాడు. కాసేపయ్యాక రెండో గాయకుడు అవే మాటలు, అదే వరస మొదట్నుంచీ అందుకుంటాడు. మొదటివాడు అప్పటికే ముందుకెళ్లిపోయాడు కాబట్టి రెండోవాడు వాణ్ణి తరుముతూనే ఉంటాడు, అందుకోడు. కింద మూడో వరస ఒకటి, మాటల్లేకుండా, నెమ్మదిగా పెద్ద పెద్ద అంగలేస్తూ నడుస్తుంది. గెరార్దెల్లో దా ఫిరెంజె కట్టిన "తోస్తో కె లాల్బా" అనే కాచ్చా వినండి. తెల్లారగానే వేటగాళ్లు లేస్తారు, కుక్కల్ని పేర్లు పెట్టి పిలుస్తారు, బూర ఊదుతారు. ఆ బూర శబ్దాన్ని కూడా గొంతులతోనే చేస్తారు. పాడేదీ వేట గురించే, గొంతులు ఆడేదీ వేటే. ఒక గొంతు ఎడమ చెవిలో, ఇంకొకటి కుడి చెవిలో వినిపించే రికార్డింగ్ దొరికితే ఇంక చెప్పక్కర్లేదు, కుక్కలు మీ తల చుట్టూ తిరుగుతాయి.

ఈ గెరార్దెల్లో ఫ్లోరెన్స్ కెథెడ్రల్‌లో పనిచేసిన పూజారి. 1360ల మొదట్లో పోయాడు. పోయినప్పుడు ఫ్రాంకో సక్కెత్తి అనే కవి బాధపడి పద్యం రాశాడు, అంటే ఊళ్లో బాగా పేరున్నవాడే. ఆయన సోదరుడు జాకొపో కూడా స్వరకర్తే. కొడుకు జొవాన్ని కూడా స్వరకర్తే. ఆ ఇద్దరి పాటల్లో మనదాకా వచ్చినవి ఎన్ని అంటే... సున్నా. ఇంట్లో ముగ్గురు పాటలు కట్టారు, ఒక్కరివే మిగిలాయి. ఈ ఎపిసోడ్ అంతా ఇలాంటి లెక్కల గురించే.

సరే, అసలు పుస్తకం దగ్గరికి వద్దాం.

ఫ్లోరెన్స్‌లో సాన్ లొరెంజో అనే చర్చి ఉంది. దాని ఆవరణలోనే లౌరెన్షియన్ లైబ్రరీ ఉంది, మైకెలాంజెలో డిజైన్ చేసింది. అందులో ఉంది స్క్వార్చలూపి కోడెక్స్. కోడెక్స్ అంటే చేత్తో రాసి కుట్టిన పుస్తకం, అంతే. 216 ఆకులు. ఆకులంటే కాగితం కాదు, జంతువుల తోలుని శుభ్రం చేసి, సాగదీసి ఆరబెట్టి చేసిన పార్చ్‌మెంట్. 1410, 1415 మధ్య ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లోనే తయారైంది. 350కి పైగా పాటలు. ఒక్కో స్వరకర్తకీ ఒక్కో విభాగం, విభాగం మొదట్లో అతని బొమ్మ, బంగారు రేకు, నీలం, ఎరుపు, పూల తీగలు. ఇప్పటి భాషలో చెప్పాలంటే 14 మంది ప్రొఫైల్ పేజీలు అన్నమాట, ప్రొఫైల్ ఫోటోతో సహా. అప్పటికే చాలామంది చనిపోయారు. కొందరు పోయి యాభై ఏళ్లు.

పేరెందుకు స్క్వార్చలూపి అంటే, అంతోనియో స్క్వార్చలూపి అనే ఆయన తర్వాత దాని యజమాని. ఫ్లోరెన్స్ కెథెడ్రల్‌లో ఆర్గన్ వాయించేవాడు, మెడిచి కుటుంబానికి దగ్గరివాడు. ఇక్కడొక చిత్రం ఉంది. ఆయనకి కెథెడ్రల్‌లో పాలరాతి విగ్రహం ఉంది. ఆయన పేరు సంగీత చరిత్ర పుస్తకాలన్నిటిలో ఉంది. ఆయన సొంతంగా కట్టిన సంగీతం మాత్రం ఒక్క స్వరం కూడా మిగలలేదు. పక్కవాళ్ల పాటల పుస్తకం దగ్గరుంచుకుని అమరుడైపోయాడు.

ఆ పుస్తకంలో పెద్ద పీట ఫ్రాంచెస్కో లాందీనిది. చిన్నప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది. సాన్ లొరెంజోలోనే ఆర్గన్ వాయించాడు, 1397లో పోయాడు, అక్కడే సమాధి. 350 పాటల్లో 146 ఆయనవే. ఇప్పుడు ఎవరైనా ట్రెచెంతో అంటే వెంటనే లాందీని అంటారు, ఆ కాలం నుంచి ఎవరి పాటైనా విన్నారంటే బహుశా ఆయనదే విని ఉంటారు. గొప్పవాడు, అందులో సందేహం లేదు. "ఎక్కో లా ప్రిమవేరా" వినండి, వసంతం వచ్చిందని రెండు గొంతులు గంతులేస్తాయి. కానీ ఒకటి ఆలోచించండి. పుస్తకం ఎక్కడ తయారైంది? ఫ్లోరెన్స్‌లో. లాందీని ఎక్కడివాడు? ఫ్లోరెన్స్‌లో బతికినవాడు. పుస్తకం ఎప్పుడు చేశారు? ఆయన పోయిన పది పదిహేనేళ్లకి, ఆయన పాటలు తెలిసినవాళ్లు ఊళ్లో ఇంకా ఉన్నప్పుడు. అదే పుస్తకం పడోవాలోనో నేపుల్స్‌లోనో తయారై ఉంటే ఆ 146 అనే అంకె అలాగే ఉండేదా? ఉండేది కాదని నా నమ్మకం. మన కళ్లముందున్న ర్యాంకింగ్ ఒక ఊరివాళ్లు వేసుకున్న ర్యాంకింగ్.

ఇప్పుడు ఆ పుస్తకంలో ఖాళీ పేజీలు.

పావొలో దా ఫిరెంజె అని ఒకాయన. సన్యాసి, మఠాధిపతి కూడా. ఆయన విభాగం తెరిస్తే బొమ్మ ఉంది. పైన పేరు ఉంది. సంగీతం రాయడానికి ఎర్ర గీతలు గీసి ఉన్నాయి. ఆ తర్వాత పేజీల కొద్దీ ఏమీ లేదు. గీతలు, గీతలు, గీతలు. ఒక్క స్వరం కూడా ఎక్కించలేదు.

పావొలో అదృష్టం ఏంటంటే, ఆయన పాటలు వేరే పుస్తకంలో దొరికాయి. ఇప్పుడు పారిస్‌లో ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్న ఒక ఇటాలియన్ కోడెక్స్‌లో ఆయనవి చాలా ఉన్నాయి. కాబట్టి ఆయన బతికి బయటపడ్డాడు.

పుస్తకం చివర్లో ఇంకొకాయన ఉన్నాడు. జొవాన్ని మాజ్జువోలి. ఫ్లోరెన్స్‌లో ఆర్గన్ వాయిద్యకారుడు, 1426లో పోయాడు. ఈయనకీ బొమ్మ వేశారు, పేరు రాశారు, పేజీలు కేటాయించారు, ఖాళీగా వదిలేశారు. పావొలోకి దొరికినట్టు ఈయనకి పారిస్ పుస్తకం దొరకలేదు. శతాబ్దాల పాటు జొవాన్ని మాజ్జువోలి అంటే ఒక బొమ్మ. అంతే. ఎవరో చాలా ముఖ్యమైనవాడని అందరికీ అర్థమవుతోంది, లేకపోతే బంగారం ఖర్చుపెట్టి బొమ్మ ఎందుకు వేస్తారు? కానీ ఏం పాడాడో తెలీదు. మీకు బాగా నచ్చే ఛానెల్‌లో ప్రొఫైల్ ఫోటో ఉండి వీడియోలన్నీ మాయమైతే ఎలా ఉంటుందో అలా.

ఇప్పుడు 1980ల మొదటికి వద్దాం. ఫ్రాంక్ డి'అక్కోనె అనే అమెరికన్ సంగీత చరిత్రకారుడు అదే సాన్ లొరెంజో చర్చి ఆర్కైవ్స్‌లో పాత రికార్డులు చూస్తున్నాడు. అందులో ఒక లెక్కల పుస్తకం ఉంది. చర్చికి ఎక్కడెక్కడ ఇళ్లున్నాయి, పొలాలున్నాయి అనే ఆస్తుల చిట్టా. 1504 ప్రాంతంలో రాసింది. మన దగ్గర రెవెన్యూ ఆఫీసులో అడంగల్ ఉంటుంది చూడండి, అలాంటి బాపతు. కానీ ఆ రాతల కింద, వాటి మధ్యలో, మసక మసకగా ఇంకేవో గీతలు కనిపించాయి. సంగీతం గీతలు.

అంటే ఏం జరిగిందంటే, అది మొదట పాటల పుస్తకం. 15వ శతాబ్దంలో ఫ్లోరెన్స్‌లో రాసిన పెద్ద పుస్తకం. తర్వాత ఎవరో ఆకులన్నీ విడదీసి, సిరాని గీకేసి, ఖాళీ పార్చ్‌మెంట్‌గా చేసి, దాని మీద ఆస్తుల లెక్కలు రాసుకున్నారు. ఇలా చెరిపి మళ్లీ రాసిన పుస్తకాన్ని పాలింప్సెస్ట్ అంటారు.

వెంటనే మనకి కోపం వస్తుంది. నాకూ వచ్చింది. కానీ 1504లో ఆ గుమాస్తా కుర్చీలో కూర్చుని చూడండి. ఆ పాటలు అప్పటికి వందేళ్ల పాతవి. ఎవరూ పాడట్లేదు. పాడదామన్నా చదవలేరు, ఎందుకంటే పాత ఇటాలియన్ పద్ధతిలో సంగీతం రాయడం అప్పటికే ఆగిపోయింది. ఆ పద్ధతి గురించి రెండు ముక్కలు చెప్పాలి. బ్రెవిస్ అనే ఒక కాల ప్రమాణాన్ని నాలుగుగానో, ఆరుగానో, ఎనిమిది, తొమ్మిది, పన్నెండుగానో విడగొట్టి, ఒక బ్రెవిస్ అయిపోయిన చోట చుక్క పెట్టేవాళ్లు. పడోవాకి చెందిన మార్కెత్తో అనే పండితుడు ఆ శతాబ్దం మొదట్లోనే దీన్ని గ్రంథంగా రాసిపెట్టాడు. తాళంలో ఒక అక్షర కాలానికి ఎన్ని మాత్రలు అని లెక్కపెట్టే అలవాటున్నవాళ్లకి ఇది తొందరగానే ఎక్కుతుంది. చక్కటి పద్ధతి, చిన్న చిన్న గమకాల్లాంటి పరుగులు రాయడానికి బాగా వీలైనది. కానీ 1400లు వచ్చేసరికి ఫ్రెంచ్ పద్ధతి అందరూ పట్టుకున్నారు. పాతది మూలపడింది. మన ఇళ్లలో క్యాసెట్లు ఉంటాయి, టేప్ రికార్డర్ ఉండదు, అలాగన్నమాట. పైగా 1501లో వెనిస్‌లో పెత్రుచ్చి పాలిఫనీ పాటల్ని ఏకంగా అచ్చు వేయడం మొదలుపెట్టాడు. కొత్త పాటలు అచ్చులో వస్తున్నాయి. తోలు ఆకులేమో ఖరీదు. గుమాస్తాకి రాసుకోడానికి చోటు కావాలి. గీకేశాడు.

ఆ గీకిన ఆకుల మీద ఎవరి పాటలున్నాయో తెలుసా? లాందీని ఉన్నాడు, పాత తరంవాళ్లున్నారు, ఫ్రెంచ్ పాటలున్నాయి, ఒర్వియెతోకి చెందిన ఉగొలీనో ఉన్నాడు. ఆయన ముఖ్యంగా సంగీత శాస్త్రం మీద పెద్ద గ్రంథం రాసినవాడిగా తెలుసు. వీళ్లతోపాటు జొవాన్ని మాజ్జువోలి. ఆ బొమ్మ మనిషి! ఆయనకి ప్రత్యేకంగా ఒక విభాగం. దాంతోపాటు ఆయన కొడుకు పియెరో మాజ్జువోలికి కూడా. కొడుకు కూడా పాటలు కట్టాడన్న సంగతి వినిపించింది ఈ చెరిపేసిన పుస్తకం వల్లే.

దొరకడం ఒక ఎత్తు, చదవడం ఒక ఎత్తు. మామూలు కంటికి అక్కడక్కడా తోకలు, చుక్కలు కనిపిస్తాయి, అంతే. పాతకాలపు సిరాలో ఇనుము ఉంటుంది. గీకినా దాని జాడ కొద్దిగా తోలులోకి ఇంకిపోయి ఉంటుంది. అతినీల లోహిత కాంతి వేస్తే తోలు మెరుస్తుంది, సిరా తాకిన చోటు మెరవదు, నల్లగా ఉండిపోతుంది. అలా ఒకే పేజీని రకరకాల కాంతుల్లో, కంటికి కనపడే రంగులతోపాటు కనపడనివాటిలో కూడా ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో వాటిని ఒకదానితో ఒకటి పోల్చి, పై రాతని తగ్గించి కింది రాతని పైకి లాగుతారు. దీన్ని మల్టీస్పెక్ట్రల్ ఇమేజింగ్ అంటారు. మీరు ఫోన్‌లో ఫిల్టర్లు మార్చి చీకటి ఫోటోలో మొహం కనపడేలా చేస్తారే, దానికి పెద్దన్న. జర్మనీలో హాంబుర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రియాస్ యాంకె, అమెరికాకి చెందిన జాన్ నాదాస్ కలిసి ఈ పుస్తకాన్ని చదివి, 2016లో ఆ ఫోటోలతో ప్రచురించారు. అన్ని పేజీలూ పూర్తిగా రాలేదు. కొన్నిచోట్ల పాట సగంలో తెగిపోతుంది, కొన్నిచోట్ల ఒక గొంతు వరస ఉంటుంది, రెండోది ఉండదు. అయినా ఖాళీ పేజీల మనిషికి 600 ఏళ్ల తర్వాత పాటలు వచ్చాయి.

నన్ను పట్టి కుదిపే విషయం ఇంకొకటుంది. ఆయన బొమ్మ, ఖాళీ పేజీలు ఉన్న లైబ్రరీ సాన్ లొరెంజో ఆవరణలో. ఆయన పాటల్ని గీకేసిన పుస్తకం సాన్ లొరెంజో చర్చి ఆర్కైవ్స్‌ది. ఒకే చర్చి పేరు మీద, ఒకచోట గిన్నె, ఇంకోచోట అన్నం.

ఇక గుమాస్తా కథ. నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఇతనే.

అంతోనియో, తెరామో అనే ఊరివాడు. తెరామో ఫ్లోరెన్స్ నుంచి చాలా దూరం, అబ్రుజ్జో కొండల వైపు. అందరూ పిలిచే పేరు జాకరా. అది అసలు పేరు కాదు, మారుపేరు. చిన్న ముక్క, ఎందుకూ పనికిరాని చిన్న వస్తువు అనే అర్థం. మనిషి పొట్టివాడు కాబట్టి అలా పిలిచారు. తెరామోకి చెందిన ఒక పాత రికార్డులో ఈయన గురించి రాసి ఉంది: పొట్టి మనిషి, చేతులకీ కాళ్లకీ కలిపి పదే వేళ్లు, అయినా అందంగా రాసేవాడు అని. చేతులకి పది కాదండీ, నాలుగింటికీ కలిపి పది. స్క్వార్చలూపి కోడెక్స్‌లో ఈయన బొమ్మ ఉంది, అందులో కూడా చేతి వేళ్లు లేకపోవడాన్ని దాచకుండా వేశారు.

ఆ చేత్తో ఆయన చేసిన ఉద్యోగం ఏంటో తెలుసా? పోప్‌గారి కార్యాలయంలో ఉత్తరాలు రాసే పని. 1391లో తొమ్మిదో బోనిఫేస్ పోప్ ఆయన్ని తీసుకున్నాడు. ఉత్తరాల కింద జాకరా అని ఉండదు, తెరామోకి చెందిన ఎ. అనే ఉంటుంది. వెక్కిరింపు పేరుని ఉద్యోగంలోకి రానివ్వలేదు. అది మామూలు కాలం కూడా కాదు. 1378 నుంచి 1417 దాకా క్రైస్తవ ప్రపంచంలో ఒకేసారి ఇద్దరు పోప్‌లు, కొన్నాళ్లు ముగ్గురు. నేనే అసలు పోప్ అంటే నేనే అని. జాకరా రోమ్ వైపు పోప్‌ల దగ్గర పనిచేసి, తర్వాత పార్టీ మారి బొలోన్యాలో 23వ జాన్ దగ్గర గాయకుల బృందానికి పెద్దగా ఉన్నాడు. 1413, 1416 మధ్య చనిపోయాడు.

పాటలు ఎలాంటివంటారా. "దేఉస్ దెఓరుమ్ ప్లూతో" అనే పాట ఉంది. ప్లూతో అంటే పాతాళానికి రాజు. పాతాళంలోని దేవతలందర్నీ, శక్తులందర్నీ పేర్లు పెట్టి పిలిచే పాట. రాసిందెవరు? పోప్‌గారి ఆఫీసులో కూర్చునే మనిషి. అంతటితో ఆగాడా? అదే సంగీతాన్ని తీసుకుని క్రేదో కట్టాడు. క్రేదో అంటే "నేను ఒకే దేవుణ్ణి నమ్ముతున్నాను" అని చర్చిలో పాడే విశ్వాస ప్రకటన. చర్చిలో పాడుతున్నప్పుడు ఆ వరస తెలిసినవాళ్లు మొహాలు ఎలా పెట్టి ఉంటారో ఊహించుకుని నేను చాలాసార్లు నవ్వుకున్నాను.

"సూమితే కారిస్సిమి" అని ఇంకొకటి. లాటిన్‌లో పొడుపుకథ. ఒక్కో మాట నుంచి ఒక్కో ముక్క తీసుకుని కలుపుకుంటూ పోతే సమాధానం వస్తుంది. సంగీతం ఇంకా పెద్ద చిక్కుముడి, గొంతులు వేర్వేరు లెక్కల్లో నడిచి ఎక్కడో కలుస్తాయి. "కచ్చాందో పెర్ గుస్తార్" అని ఒక కాచ్చా కూడా ఉంది. వేటలా మొదలై సంతలోకి వెళ్లిపోతుంది. అమ్మేవాళ్ల కేకలు, బేరాలు, ఒకడి మీద ఒకడు అరుపులు. అమీర్‌పేటలో సాయంత్రం ఆరింటికి నిలబడితే ఎలా ఉంటుందో, దాన్ని మూడు వరసల్లో లెక్క తప్పకుండా కట్టిపడేశాడు.

ఇంత మనిషికి స్క్వార్చలూపి కోడెక్స్‌లో ఉన్న పాటలు పట్టుమని పది లేవు. దాన్ని బట్టి చూస్తే చిన్న స్వరకర్త అనుకుంటాం. కానీ కోడెక్స్ పక్కన పెట్టి యూరప్ అంతా వెతికితే లెక్క మారిపోతుంది. ఇంగ్లండ్‌లో ఓల్డ్ హాల్ అనే ప్రసిద్ధమైన చర్చి సంగీత పుస్తకంలో జాకరా గ్లోరియా ఒకటి ఉంది. పోలెండ్ పుస్తకాల్లో ఉన్నాయి. పోప్ ఆస్థానానికి ప్రతి దేశం నుంచీ మనుషులు వచ్చేవాళ్లు, వెళ్లేటప్పుడు పాటలు పట్టుకెళ్లేవాళ్లు. లాందీని ఫ్లోరెన్స్‌లో రాజు, జాకరా ఊళ్లు దాటి తిరిగినవాడు.

మరి ఎందుకు మరుగున పడ్డాడు? పేరు వల్ల. ఒకచోట జాకర్ అని, ఒకచోట జకరియాస్ అని, ఇంకోచోట అంతోనియో అని. దానికితోడు నికొలా జకరియె అని నిజంగానే ఇంకో స్వరకర్త ఉన్నాడు. పరిశోధకులు ఈ పాటల్ని ఇద్దరు ముగ్గురికి పంచేశారు. 1979లో అగొస్తీనో జీనో అనే ఇటాలియన్ పరిశోధకుడు ఆధారాలు పేర్చాక ఇవన్నీ ఒకే తెరామో మనిషివని తేలడం మొదలైంది. నాలుగు అకౌంట్లు ఒకే మనిషివని తెలిశాక ఫాలోవర్లు కలిసినట్టు, జాకరా ఒక్కసారిగా పెద్దవాడైపోయాడు. 2021లో లా ఫోంతె మూజికా అనే ఇటాలియన్ బృందం ఆయన పాటలన్నీ కలిపి రికార్డ్ చేసి విడుదల చేసింది. ఇది వింటుంటే ఆయన్ని "తక్కువ తెలిసినవాడు" అనడానికి నాకే మొహమాటంగా ఉంటుంది.

మధ్యలో ఒక చిన్న పిట్టకథ. అంద్రెయా అని సెర్వీత్ సంఘానికి చెందిన సన్యాసి ఉన్నాడు, ఈయనవి కోడెక్స్‌లో 29 పాటలున్నాయి. 1379లో తమ మఠంలో కొత్త ఆర్గన్ కట్టిస్తూ సలహాకి లాందీనిని పిలిచాడు. ఇద్దరూ కలిసి మూడు రోజులు దాన్ని శ్రుతి చేశారు. ఆ మూడు రోజుల్లో ఇద్దరూ తాగిన వైన్‌కి ఎంతయిందో మఠం లెక్కల పుస్తకంలో ఇప్పటికీ ఉంది. అదండీ సంగతి. పాటలు రాసిన పుస్తకం గీకేసి లెక్కలు రాస్తారు, వైన్ లెక్క మాత్రం భద్రం.

ఇంతకీ ఎంత పోయి ఉంటుంది? మొన్నటిదాకా అందరూ అనుకున్నది, మనకి దొరికింది సముద్రంలో చెంచాడు అని. అలా అనుకోడానికి కారణాలున్నాయి. ఇందాక చెప్పిన కవి సక్కెత్తి తన కవితల పక్కన, దీనికి ఫలానా ఆయన సంగీతం కట్టాడు అని స్వయంగా రాసుకున్నాడు. వాటిలో కొన్నిటికే సంగీతం దొరికింది. పడోవాలో సాంతా జుస్తీనా మఠం పుస్తకాలు విప్పేసి వేరే పుస్తకాలకి అట్టలు వేశారు. లుక్కాలో ఒక పెద్ద సంగీత పుస్తకం ఆకుల్ని దస్తావేజులకి కవర్లుగా వాడారు. ఇప్పటికీ పాత పుస్తకాల అట్టలు విప్పితే లోపల్నుంచి అర పేజీ, పావు పేజీ పాట బయటపడుతూనే ఉంటుంది.

మైకేల్ స్కాట్ కత్‌బర్ట్ అనే అమెరికన్ పరిశోధకుడు ఈ ముక్కల మీదే పనిచేశాడు, కంప్యూటర్‌తో వెతికి చిన్న చిన్న ముక్కలు ఏ పాటవో పట్టుకున్నాడు. ఆయన వాదన వింటే మీకు నచ్చుతుంది. చిన్నప్పుడు క్రికెట్ కార్డులు పోగేశారా? మొదట్లో ప్రతి ప్యాకెట్‌లోనూ కొత్త కార్డే వస్తుంది. కొన్నాళ్లకి ఉన్నవే మళ్లీ మళ్లీ రావడం మొదలైతే, సెట్ చాలావరకు మన దగ్గరికి వచ్చేసిందని అర్థం. అట్టల్లో దొరుకుతున్న కొత్త ముక్కల్లో ఇప్పటికే తెలిసిన పాటలు చాలా వస్తున్నాయి. కాబట్టి పోయింది మనం భయపడినంత కాదు అంటాడు ఆయన.

లెక్క సరైనదే అనిపిస్తుంది. కానీ నాకొక పేచీ ఉంది. ఎక్కువమంది ఎత్తిరాసుకున్న పాటే ఎక్కువ ముక్కల్లో దొరుకుతుంది. ఒక్క ఊళ్లో, ఒక్క పుస్తకంలో మాత్రమే ఉన్న పాట సంగతేంటి? మాజ్జువోలి అలాంటివాడే. ఆ ఒక్క పుస్తకం గీకేశాక ఆయన సున్నా అయ్యాడు. గెరార్దెల్లో కొడుకు ఇప్పటికీ సున్నాయే. సగటు లెక్కలో నష్టం తక్కువే కావచ్చు, ఆ ఇంటికి మాత్రం నూటికి నూరు.

వినేవాళ్లకి ఒక మాట. ఒకే పాటని రెండు బృందాలు పాడితే రెండు వేర్వేరు పాటల్లా ఉంటాయి, కంగారుపడకండి. ఎంత వేగం, ఏ వాయిద్యం, వాయిద్యం అసలు ఉండాలా అన్నది ఆ పుస్తకాల్లో రాయలేదు. ఒకళ్లు గొంతులతోనే పాడతారు, ఇంకొకళ్లు వీణ లాంటిది, చిన్న ఆర్గన్ పెడతారు. నా వరకు గొంతులు మాత్రమే ఉన్నవి ఎక్కువ ఇష్టం, రెండు వరసలూ విడివిడిగా తెలుస్తాయి. మొదటిసారి పై గొంతు ఒక్కటే పట్టుకుని వినండి. రెండోసారి కింది గొంతు వెంట పడండి. మూడోసారికి రెండూ వాటంతటవే వినిపిస్తాయి. చాలావరకు పాటలు చిన్నవే.

పేజీల ఫోటోలు చూడాలనుకుంటే ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన డయామ్ అనే ఆన్‌లైన్ ఆర్కైవ్ ఉంది, మధ్యయుగపు సంగీత పుస్తకాల ఫోటోలు పెడతారు. ఫోన్‌లో జూమ్ చేసి ఆరు గీతల మీద ఆ నల్లటి వజ్రాల్లాంటి స్వరాల్ని, వాటి మధ్య చుక్కల్ని చూడండి.

జాకరా సంత పాటతో మొదలుపెట్టండి, ఆ తర్వాత గెరార్దెల్లో వేటకుక్కలు. ఏది ముందు నచ్చిందో కామెంట్లో రాయండి. ఉంటాను.